ఓవర్‌హెడ్ లైను ఇప్పుడు ఎంత కరెంటు మోయగలదు? 220 కేవీ జీబ్రా లైనుకు ఆంపాసిటీ మానిటరింగ్ దశలవారీగా

డిసెంబరు రాత్రి 700 ఆంపియర్లు మోసినా ఏమీ కాని లైనును ఏప్రిల్ మధ్యాహ్నం 550 దగ్గరే ఆపమంటారేం? సబ్‌స్టేషన్ షిఫ్టుల్లో ఉండేవారు పదే పదే అడిగే ప్రశ్న ఇది. లైనూ మారలేదు, తీగా మారలేదు. తీగ చుట్టూ ఉన్న గాలీ ఎండా మారాయి. వాటిని కొలుస్తూ, తీగ ఈ పూట ఎంత మోయగలదో లెక్కగట్టడమే ఆంపాసిటీ మానిటరింగ్. కంట్రోల్ రూముల్లో దీన్ని డీఎల్ఆర్ అంటున్నారు, అంటే డైనమిక్ లైన్ రేటింగ్.

ఇక్కడి లెక్కలన్నీ ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఎక్కువగా కనిపించే 220 కేవీ సింగిల్ జీబ్రా ఏసీఎస్ఆర్ లైనుకు వేసినవి (జీబ్రా, పాంథర్, మూస్ అన్నవి తీగ రకాల పేర్లు; ఏసీఎస్ఆర్ అంటే ఉక్కు పోగుల చుట్టూ అల్యూమినియం పోగులు చుట్టిన తీగ). 132 కేవీ పాంథర్‌కైనా, 400 కేవీ ట్విన్ మూస్‌కైనా పని వరుస ఇదే. అంకెలు మాత్రం మళ్లీ వేసుకోవాలి.

ఒక్క మాట ముందే చెప్పాలి. సెన్సర్ కొనడం ఇందులో ఐదో మెట్టు. దాన్ని మొదటి మెట్టు చేసుకున్నచోట పరికరం టవరు మీద మెరుస్తూ ఉంటుంది, దాని అంకెను మాత్రం ఎవరూ నమ్మరు.

## 1. ముందు చేతిలో ఉండాల్సినవి

- టవర్ షెడ్యూల్, ప్రొఫైల్ షీట్లు, స్ట్రింగింగ్ (తీగ లాగి బిగించడం) నాటి సాగ్-టెన్షన్ చార్టు (సాగ్ అంటే రెండు టవర్ల మధ్య తీగ కిందికి వేలాడే లోతు)
- క్రాసింగుల జాబితా: రోడ్లు, రైల్వే, ఇతర విద్యుత్ లైన్లు, చెరువు కట్టలు
- మిడ్‌స్పాన్ జాయింట్లు, రిపేర్ స్లీవులు ఏ స్పాన్లలో (స్పాన్ అంటే రెండు టవర్ల మధ్య భాగం) ఉన్నాయో చెప్పే పెట్రోలింగ్ రికార్డు
- రెండు చివర్ల బే (సబ్‌స్టేషన్‌లో లైను వచ్చి కలిసే చోటు) పరికరాల నేమ్‌ప్లేట్ ఫొటోలు (పాత డ్రాయింగులు కాదు)
- కనీసం ఏడాది పాటు గంటగంటకూ లోడు రికార్డు
- తీగ వివరాలు. జీబ్రాకు: 54 అల్యూమినియం, 7 ఉక్కు పోగులు, ఒక్కొక్కటి 3.18 మి.మీ.; మొత్తం వ్యాసం 28.62 మి.మీ.; బరువు కిలోమీటరుకు 1,621 కిలోలు; 20 డిగ్రీల వద్ద డీసీ నిరోధం కిలోమీటరుకు 0.06868 ఓములు

తీగ నిజంగా జీబ్రానేనా అన్నది కూడా చూసుకోండి. మధ్యలో ఎక్కడో టవరు కూలి, నాలుగు స్పాన్లకు వేరే తీగ లాగి ఉంటే లెక్క అక్కడే తప్పుతుంది.

## 2. బేలో బలహీనమైన లింకు వెతకడం

తీగ 1,100 ఆంపియర్లు మోయగలదని తేలినంత మాత్రాన లైను అంత మోస్తుందని కాదు. చివరి ఐసోలేటర్ 800ది అయితే లైను కూడా 800దే.

రెండు చివర్లా వరుసగా రాసుకోండి: సర్క్యూట్ బ్రేకర్, ఐసోలేటర్లు, సీటీ (కరెంటు కొలిచే ట్రాన్స్‌ఫార్మర్), వేవ్ ట్రాప్ (లైను మీద నడిచే సమాచార సంకేతాలను ఆపే కాయిల్), జంపర్లు, క్లాంపులు, బస్ తీగ. ఎక్కువగా అడ్డుపడేవి సీటీ, వేవ్ ట్రాప్. 800/1 నిష్పత్తిలో పెట్టిన సీటీ నేమ్‌ప్లేట్ మీద నిరంతర సామర్థ్యం 120 శాతం అని ఉంటే 960 ఆంపియర్లు దాటకూడదు. పై ట్యాపు ఉంటే మార్చుకోవచ్చు. కానీ ఆ మార్పుతో పాటు రిలే, మీటరు, స్కాడా (కంట్రోల్ రూముకు కొలతలు తెచ్చే వ్యవస్థ) స్కేలింగ్ మూడూ మార్చాలి. మూడింటిలో ఒకటి మరిచిపోవడం మామూలే.

డిస్టెన్స్ రిలే (ఇంపెడెన్స్‌ను బట్టి ఫాల్టు దూరం పసిగట్టి లైనును ఆపే పరికరం) జోన్-3ను, అంటే దాని దూరపు పరిధిని, కూడా చూడండి. 220 కేవీ లైనులో 1,100 ఆంపియర్లు పోతుంటే రిలేకు కనిపించే లోడు ఇంపెడెన్స్ సుమారు 115 ఓములు. వోల్టేజీ 0.85కు పడితే అది 98కి దిగుతుంది. జోన్-3 పరిధి అక్కడి దాకా వస్తే, తీగ చల్లగా ఉన్నా రిలే లైనును కొట్టేస్తుంది. 2012 జులై 30న ఉత్తర గ్రిడ్ కుప్పకూలడానికి ముందు బీనా-గ్వాలియర్ 400 కేవీ లైను పోయింది ఇలా లోడు జోన్-3లోకి చొరబడినందుకే.

ఈ మెట్టు చివర మీ చేతిలో ఒకే అంకె ఉండాలి: పరికరాల పరిమితి. డీఎల్ఆర్ లెక్క ఎంత చూపినా దీన్ని మించకూడదు.

## 3. తీగ జమాఖర్చు

తీగకు వచ్చే వేడి జమ, పోయే వేడి ఖర్చు. జమ రెండు వైపుల నుంచి వస్తుంది: కరెంటు వల్ల పుట్టేది, ఎండ వల్ల చేరేది. ఖర్చూ రెండు దారుల్లోనే: గాలి తీసుకుపోయేది, వికిరణంగా పోయేది. తీగ 75 డిగ్రీల వద్ద నిలబడినప్పుడు రెండూ సమానం. ఐఈఈఈ 738, సిగ్రే 601 రెండు పద్ధతులూ చేసేది ఈ జమాఖర్చే. రెండింటిలో ఏదో ఒకటి పట్టుకోండి. సగం ఇందులోంచి, సగం అందులోంచి తీయకండి.

మన దేశపు ట్రాన్స్‌మిషన్ ప్లానింగ్ మాన్యువల్‌లో సీఈఏ (కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ) తీసుకున్న షరతులివి: గాలి గంటకు 2 కిలోమీటర్లు (సెకనుకు 0.56 మీటర్లు), తీగకు అడ్డంగా (90 డిగ్రీల కోణంలో), ఎండ చదరపు మీటరుకు 1,045 వాట్లు, ఎండను పీల్చే గుణకం 0.8, వికిరణ గుణకం 0.45. వాతావరణం 45 డిగ్రీలు, తీగ 75 డిగ్రీలు అనుకుని ఐఈఈఈ పద్ధతిలో వేస్తే జీబ్రాకు ఒక్కో మీటరుకు:

- గాలి తీసుకుపోయేది 39.5 వాట్లు
- వికిరణంగా పోయేది 10.2 వాట్లు
- ఎండ వల్ల చేరేది 23.9 వాట్లు
- కరెంటుకు మిగిలిన చోటు 25.8 వాట్లు

75 డిగ్రీల వద్ద ఏసీ నిరోధం కిలోమీటరుకు సుమారు 0.0855 ఓములు. 25.8 వాట్లను ఆ నిరోధంతో భాగించి వర్గమూలం తీస్తే దాదాపు 550 ఆంపియర్లు, అంటే 210 ఎంవీఏ. చూశారుగా, పోయే వేడిలో సగం దాకా ఎండకే సరిపోతోంది.

ఇప్పుడు ఒక్కొక్కటే మార్చి చూడండి. మిగతావన్నీ పైన ఉన్నట్టే:

- వాతావరణం 45 బదులు 35 డిగ్రీలైతే: 700 ఆంపియర్లు
- 45 డిగ్రీలే ఉండి, గాలి సెకనుకు 1.2 మీటర్లకు పెరిగితే: 725
- వాతావరణం 30 డిగ్రీలు, గాలి 2 మీటర్లు అయితే: 1,130 పైమాటే
- గాలి వేగం అదే 0.56 ఉండి, తీగకు 30 డిగ్రీల కోణంలో వీస్తే: 430
- అదే గాలి తీగ వెంబడే వీస్తే: 230

చివరి రెండు వరుసలను మళ్లీ చదవండి. పుస్తకపు రేటింగ్ అన్నిటికన్నా చెడ్డ పరిస్థితికి వేసింది కాదు. గాలి తీగకు అడ్డంగా వీస్తుందన్న నమ్మకం అందులో దాగి ఉంది. అందుకే మానిటరింగ్ పెట్టాక కొన్ని గంటలు 550 కన్నా తక్కువ అంకె వస్తుంది. చాలామంది అది పరికరం లోపమని కొట్టిపారేస్తారు. నిజానికి ఆ పరికరం పెట్టిన ఖర్చు రాబట్టేది ఆ గంటల్లోనే.

పొద్దున్నే చూడాల్సింది ఉష్ణోగ్రత కాదు, గాలి. ఉష్ణోగ్రత పది డిగ్రీలు తగ్గడానికి ఒక రాత్రి పడుతుంది. గాలి పది నిమిషాల్లో ఆగిపోతుంది.

## 4. లైను నడిచి క్రిటికల్ స్పాన్లు పట్టుకోవడం

ఈ పనిని తొందరపడి చేయకండి. 40 కిలోమీటర్ల లైనులో వందకు పైగా స్పాన్లు ఉంటాయి. రేటింగ్‌ను తేల్చేది అందులో మూడో నాలుగో. రెండు జాబితాలు విడివిడిగా రాయాలి.

4.1 క్లియరెన్స్ తక్కువ ఉన్న స్పాన్లు

నేల నుంచి తీగకు ఉండాల్సిన ఎత్తు: 33 కేవీకి 5.2 మీటర్లు, ఆపై ప్రతి 33 కేవీకి గానీ అందులో భాగానికి గానీ 0.3 మీటర్లు. 220 కేవీకి ఆరు వంతులు కలుస్తాయి కాబట్టి 7 మీటర్లు. క్రాసింగులకు నిబంధనలు వేరుగా ఉంటాయి.

ప్రొఫైల్ షీటులో నేల ఎత్తు లైను కట్టిన ఏటిది. ఇప్పటి నేల అది కాదు. మెరక పోసిన రియల్ ఎస్టేట్ లేఅవుట్లు, పెంచిన రోడ్లు, గోదావరి, కృష్ణా జిల్లాల్లో చేపల చెరువుల గట్లు నేలను మీటరు, మీటరున్నర పైకి తెచ్చి ఉంటాయి. గట్టు మీద గడ్డి లారీ నిలబడితే క్లియరెన్స్ ఇంకెంత మిగులుతుందో అక్కడే నిలబడి ఆలోచించాలి.

కొలవడానికి టోటల్ స్టేషన్ గానీ లేజర్ రేంజ్‌ఫైండర్ గానీ వాడండి. చార్జింగులో ఉన్న లైను కింద టేపు, తాడు, వెదురు గడ, అల్యూమినియం స్టాఫ్ ఎత్తకూడదు. తాడు పొడిగానే ఉందిగా అనే మాట ఇక్కడ చెల్లదు.

కొలిచిన ప్రతిసారీ ఈ ఐదూ రాయండి: సమయం, అప్పటి లోడు, వాతావరణ ఉష్ణోగ్రత, గాలి, ఎండ. ఇవి లేకుండా రాసిన క్లియరెన్స్ ఏ ఉష్ణోగ్రతదో తెలియదు, కాబట్టి పనికిరాదు.

350 మీటర్ల జీబ్రా స్పాన్‌లో సాగ్ 8.5 మీటర్ల ప్రాంతంలో ఉంటే, తీగ ఒక్కో డిగ్రీ వేడెక్కితే సుమారు 4 సెంటీమీటర్లు కిందికి దిగుతుంది. తీగ 50 డిగ్రీల వద్ద ఉన్నప్పుడు 8.1 మీటర్లు కనిపించిందనుకోండి. 75కు చేరేసరికి మరో మీటరు దిగి 7.1 అవుతుంది. మిగిలింది పది సెంటీమీటర్లు. ఆ స్పాన్ జాబితాలో మొదటిది.

4.2 గాలి తగలని స్పాన్లు

- కొండ వెనక, లోయలో ఉన్నవి. సీలేరు వైపు అడవి లైన్లలో ఇవి ఎక్కువ
- రెండు వైపులా సరుగుడు, జామాయిల్, మామిడి తోటలు పెరిగినవి
- ఊరి చివర అపార్ట్‌మెంట్ల మధ్య ఇరుక్కున్నవి
- ఆ కాలంలో గాలి వీచే దిక్కుకే సాగే స్పాన్లు. నైరుతి రుతుపవనాల్లో పడమటి గాలి వీచేటప్పుడు తూర్పు-పడమరగా వెళ్లే స్పాన్‌కు దాని మేలు తక్కువ
- కింద ఇటుక బట్టీ ఉన్నవి, కోత తర్వాత చెరకు చెత్తో వరి కొయ్యలో కాల్చే పొలాల మీదివి

రెండు జాబితాల్లోనూ ఉన్న స్పాన్ క్రిటికల్ స్పాన్. ఒకే జాబితాలో ఉన్నవాటిని రెండో వరుసలో పెట్టండి. రెండు టెన్షన్ టవర్ల (తీగ లాగుడును మోసే టవర్ల) మధ్య ఉన్న సెక్షన్ అంతటికీ టెన్షన్ దాదాపు ఒకటే కాబట్టి, ఒక సెక్షన్‌లో ఒక పాయింటు చాలు. లైను మొత్తానికి మూడు నుంచి ఐదు పాయింట్లు సాధారణంగా సరిపోతాయి. కొండలు, మలుపులు ఎక్కువైతే పెంచాలి.

4.3 జాయింట్లు

థర్మోవిజన్ కెమెరాతో మిడ్‌స్పాన్ జాయింట్లు, జంపర్ క్లాంపులు అన్నీ చూడండి. లోడు ఎక్కువగా ఉన్నప్పుడు, తెల్లవారుజామునో సాయంత్రమో, ఎండ లేనప్పుడు. 200 ఆంపియర్ల వద్ద పక్క ఫేజుకన్నా 5 డిగ్రీలు ఎక్కువ చూపిన క్లాంపు 600 వద్ద తొమ్మిది రెట్లు దాకా తేడా చూపగలదు. దాన్ని బాగుచేయకుండా లోడు పెంచే మాట ఎత్తకండి.

## 5. పరికరం ఎంచుకోవడం

వాతావరణ కేంద్రం. గాలి, ఉష్ణోగ్రత, ఎండ కొలిచి తీగ ఉష్ణోగ్రతను లెక్కగడుతుంది. చవక. లైను ఆపనక్కర్లేదు. గాలి కొలతకు అల్ట్రాసోనిక్ ఎనిమోమీటర్ మాత్రమే తీసుకోండి. గిన్నెలు తిరిగే రకం సెకనుకు అర మీటరు లోపు గాలికి తిరగకుండా ఆగిపోతుంది. మనకు కావాల్సింది సరిగ్గా ఆ అర మీటరు ప్రాంతమే.

తీగకు తగిలించేది. తీగ ఉష్ణోగ్రత, కరెంటు, వాలు కొలుస్తుంది. తనకు కావాల్సిన కరెంటును తీగలోంచే తీసుకుంటుంది. అందుకే లోడు మరీ తగ్గితే నిద్రపోతుంది. ఎంత లోడుకు మేలుకుంటుందో కొనే ముందే అడగండి. ఇది చెప్పేది ఒక్క చోటి ఉష్ణోగ్రత. స్పాన్ అంతటిదీ కాదు.

వాలు కొలిచే రకమైతే సూక్ష్మత అడగండి. 350 మీటర్ల స్పాన్‌లో సాగ్ 8.5 నుంచి 9 మీటర్లకు దిగితే టవరు దగ్గర తీగ వాలు 5.55 డిగ్రీల నుంచి 5.87కు మారుతుంది. మూడో వంతు డిగ్రీ అంతే. 0.05 డిగ్రీ తప్పు వస్తే సాగ్‌లో 8 సెంటీమీటర్లు, అంటే ఉష్ణోగ్రతలో రెండు డిగ్రీలు తప్పినట్టు. అది సర్దుకోవచ్చు. 0.5 డిగ్రీ సూక్ష్మత అని రాసి ఉంటే తిప్పి పంపండి.

టెన్షన్ లోడ్‌సెల్. టెన్షన్ టవరు వద్ద డిస్క్‌ల దండకూ క్రాస్‌ఆర్మ్‌కూ మధ్య కూర్చుంటుంది. సెక్షన్ మొత్తానికీ సగటు చెబుతుంది కాబట్టి అన్నిటిలో నమ్మదగింది ఇదే అని చెప్పాలి. బిగించడానికి ఎల్‌సీ (లైను ఆపి పని చేసేందుకు అనుమతి) తప్పదు. టెన్షన్ నుంచి సాగ్ తీయడం తేలిక: మీటరు బరువును స్పాన్ వర్గంతో గుణించి, టెన్షన్‌కు ఎనిమిది రెట్లతో భాగించాలి. జీబ్రాకు 350 మీటర్ల స్పాన్‌లో 2,920 కిలోల టెన్షన్ అంటే 8.5 మీటర్ల సాగ్.

కంపనం కొలిచేది. తీగ ఊగే తాళాన్ని బట్టి సాగ్ చెబుతుంది. బరువు, స్పాన్, టెన్షన్ ఏవీ అక్కర్లేదు. ఒక ఊపుకు పట్టిన సెకన్లను వర్గం చేసి 0.3066తో గుణిస్తే సాగ్ మీటర్లలో వస్తుంది. 8.5 మీటర్ల సాగ్ ఉన్న తీగకు ఒక ఊపు 5.27 సెకన్లు. స్ట్రింగింగ్‌లో తీగను కొట్టి, అల తిరిగొచ్చేసరికి స్టాప్‌వాచ్ చూసే పాత పద్ధతికీ ఇదే సూత్రం.

ఓపీజీడబ్ల్యూలో ఫైబర్ ఉంది కదా, దానితో ఉష్ణోగ్రత కొలవచ్చు కదా అని కొందరంటారు. అది పైన ఉండే ఎర్త్ వైరు. లోడు కరెంటు అందులో పోదు. ఫేజు తీగ వేడి దానికి తెలియదు.

రెండు చివర్ల పీఎంయూ (వోల్టేజీ, కరెంటులను ఒకే గడియారంతో కొలిచే పరికరం) కొలతల నుంచి నిరోధం తీసి ఉష్ణోగ్రత చెప్పాలన్న ఆలోచన కూడా వినిపిస్తుంది. లెక్క చూడండి. 50 కిలోమీటర్ల లైనుకు నిరోధం సుమారు 4 ఓములు. 500 ఆంపియర్లకు దానిమీద పడేది 2,000 వోల్టులు. తీగ ఒక డిగ్రీ వేడెక్కితే మారేది 8 వోల్టుల లోపే. 0.5 తరగతి పీటీలో (వోల్టేజీ కొలిచే ట్రాన్స్‌ఫార్మర్‌లో) తప్పే 127 కేవీకి 635 వోల్టుల దాకా ఉండొచ్చు. ప్రత్యేకంగా కాలిబ్రేషన్ చేయించకుండా ఈ దారి పట్టకండి.

బడ్జెట్ ఒక్క రకానికే ఉంటే: క్రిటికల్ స్పాన్ల దగ్గర అల్ట్రాసోనిక్ వాతావరణ కేంద్రాలు పెట్టి, నెలనెలా టోటల్ స్టేషన్‌తో సాగ్ సరిచూసుకోండి. ఇంకొంచెం ఉంటే ఒక్క సెక్షన్‌కైనా లోడ్‌సెల్ చేర్చండి.

## 6. బిగింపు

- ఎనిమోమీటర్ కింది తీగ సగటు ఎత్తులో ఉండాలి. సబ్‌స్టేషన్ కంట్రోల్ రూము డాబా మీద కాదు
- టవరు కాళ్ల చాటున గాలి పడిపోతుంది. చేయి బయటికి చాచి బిగించండి, విద్యుత్ క్లియరెన్స్ తగ్గకుండా. వీలైతే స్పాన్ పక్కన వేరే స్తంభం ఇంకా మేలు
- దాని ఉత్తర గుర్తును నిజమైన ఉత్తరానికి తిప్పండి. ఆ స్పాన్ దిక్కును డిగ్రీల్లో కొలిచి పరికరం లెక్కలో ఎక్కించండి
- ఉష్ణోగ్రత సెన్సర్‌కు నీడ గొడుగు తప్పనిసరి
- ఎండ కొలిచే గాజు మీద దుమ్ము పేరుకుంటే ఎండ తక్కువ చూపుతుంది, రేటింగ్ ఎక్కువ చూపుతుంది. వేసవిలో పదిహేను రోజులకోసారి తుడవాలి
- తీగకు తగిలించే పరికరాన్ని జాయింటు, స్పేసర్, డ్యాంపర్ పక్కన పెట్టకండి
- ఎల్‌సీ తీసుకున్న లైనుకైనా రెండు వైపులా ఎర్త్ చేశాకే చేయి వేయాలి. పక్క సర్క్యూట్ చార్జింగులో ఉంటే ఇండక్షన్ ఉంటుంది

## 7. డేటా, లెక్క

గాలి, ఎండ, ఉష్ణోగ్రత పది నిమిషాల సగటు. లోడు నిమిషానికోసారి. లెక్క ఐదు నుంచి పదిహేను నిమిషాలకోసారి. ప్రతి పాయింటుకూ విడిగా రేటింగ్ వేసి, అన్నిటిలోకీ తక్కువదాన్నే లైను రేటింగ్‌గా తీసుకోవాలి. సగటు తీయకండి. ఐదు స్పాన్లలో నాలుగు చల్లగా ఉన్నాయని ఐదోది పైకి లేవదు.

గాలి దిక్కు సగటుతో ఒక చిక్కుంది. 350 డిగ్రీలు, 10 డిగ్రీలు రెండూ ఉత్తరపు గాలే. ఎక్సెల్‌లో మామూలు సగటు తీస్తే 180 వస్తుంది, దక్షిణపు గాలి! దిక్కును రెండు భాగాలుగా, తూర్పు-పడమర, ఉత్తర-దక్షిణాలుగా విడదీసి సగటు తీయాలి.

తీగ ఉష్ణోగ్రత, కరెంటు తెలిస్తే వెనక్కి లెక్కేసి గాలి ఎంతో తీసే పద్ధతి మంచిదే, లోడు బాగా ఉన్నప్పుడు. 200 ఆంపియర్ల వద్ద కరెంటు పుట్టించే వేడి మీటరుకు 3 వాట్ల చిల్లర. ఎండ పోసేది 24 వాట్లు. ఆ 3 వాట్ల మీద ఆధారపడి 1,000 ఆంపియర్ల రేటింగ్ చెప్పడం జ్యోతిషంతో సమానం. జీబ్రాకు 400 ఆంపియర్లు దాటాకే ఈ పద్ధతిని లెక్కలోకి తీసుకోండి.

## 8. సరిచూసుకోవడం

కంట్రోల్ రూముకు అంకె ఇచ్చే ముందు కనీసం ఒక పూర్తి వేసవి నీడలా నడపండి. అంటే రేటింగ్ లెక్కవుతుంటుంది, రికార్డవుతుంటుంది, ఎవరూ దాన్ని బట్టి లోడు మార్చరు.

ఆ కాలంలో ప్రతి క్రిటికల్ స్పాన్‌కూ మూడు సమయాల్లో సాగ్ కొలవండి: తెల్లవారుజామున తక్కువ లోడుతో, మధ్యాహ్నం ఎండలో, సాయంత్రం పీక్‌లో. సిస్టమ్ చెప్పిన తీగ ఉష్ణోగ్రత నుంచి రావాల్సిన సాగ్‌కూ, కొలిచిన సాగ్‌కూ తేడా 20 సెంటీమీటర్ల లోపు ఉండాలి. అంటే 5 డిగ్రీలు.

తేడా ఎలా ఉందో చూసి కారణం పట్టుకోవచ్చు:

- మూడు వేళలా ఒకే వైపు, ఒకే అంత తేడా: తీగ క్రీప్ అయింది (ఏళ్ల లాగుడుకు శాశ్వతంగా సాగింది), లేదా మొదటి సాగ్ తప్పు. మూల సాగ్‌ను మళ్లీ పెట్టండి
- మధ్యాహ్నం మాత్రమే తేడా: ఎండ సెన్సర్, లేదా ఎండను పీల్చే గుణకం. కొత్త తీగ మెరుస్తుంది, ఏళ్లు గడిచి నల్లబడుతుంది
- లోడుతో పాటు తేడా పెరుగుతుంటే: సీటీ నిష్పత్తి, లేదా నిరోధం విలువ
- ఏ క్రమమూ లేకుండా ఎగుడుదిగుడు: గాలి సెన్సర్ చోటు బాగాలేదు

## 9. కంట్రోల్ రూములో వాడకం

షిఫ్టు ఇంజినీరుకు మూడు అంకెలు చాలు: ఇప్పటి లోడు, ఇప్పటి రేటింగ్, 15 నిమిషాల అత్యవసర రేటింగ్. గ్రాఫులు ఆఫీసుకు.

- పై హద్దు: రెండో మెట్టులో తేల్చిన పరికరాల పరిమితి. మొదటి ఏడాది స్థిర రేటింగ్‌కు 125 శాతం దాటనివ్వకండి
- డేటా 15 నిమిషాలు రాకపోతే దానంతటదే స్థిర రేటింగ్‌కు దిగాలి. పాత అంకెను పట్టుకుని వేలాడకూడదు
- లోడు రేటింగ్‌లో 90 శాతానికి చేరితే హెచ్చరిక, 100కు చేరితే చర్య. చర్య ఏమిటో, ఎవరికి ఫోను చేయాలో ముందే రాసి గోడకు అంటించండి

అత్యవసర రేటింగ్ ఎందుకంటే తీగ వెంటనే వేడెక్కదు. జీబ్రాకు గాలి తక్కువ ఉన్నప్పుడు టైమ్ కాన్‌స్టంట్ (మారాల్సిన ఉష్ణోగ్రతలో దాదాపు మూడింట రెండొంతులు మారడానికి పట్టే సమయం) దాదాపు 13 నిమిషాలు, 2 మీటర్ల గాలిలో 7. పక్క సర్క్యూట్ పోయి లోడు 400 నుంచి 800కు దూకిందనుకోండి. వాతావరణం 45, గాలి 0.56 అయితే తీగ 67 డిగ్రీల నుంచి బయల్దేరి సుమారు 5 నిమిషాల్లో 75 దాటుతుంది. అలాగే వదిలేస్తే 90 పైన ఆగుతుంది. షిఫ్టులో ఎస్ఎల్‌డీసీకి (రాష్ట్ర లోడ్ డిస్పాచ్ కేంద్రానికి) ఫోను కలిపి లోడు సర్దడానికి ఉన్న సమయం ఆ ఐదు నిమిషాలే. అదే లోడుకు గాలి 2 మీటర్లు ఉంటే తీగ 75ను తాకదు కూడా.

ఏ లైనుకు ఇది నిజంగా కలిసొస్తుంది? అనంతపురం, కర్నూలు వైపు గాలిమరల కరెంటు మోసే లైన్లకు. మర తిరిగి లోడు పెరిగే వేళ తీగకూ గాలి తగులుతుంది. సోలార్ పార్కు లైన్లకు అంత కలిసిరాదు, వాటి పీకూ ఎండ పీకూ ఒకటే. పగటిపూట వ్యవసాయ ఫీడర్లకు కరెంటిచ్చే సబ్‌స్టేషన్ల లైన్లదీ అదే బాధ.

## 10. తరచూ ఎదురయ్యే లోపాలు, వాటికి మందు

రాత్రి రేటింగ్ పగటికన్నా తక్కువ వస్తోంది. ముందు గాలి చూడండి. రాత్రి గాలి పూర్తిగా పడిపోతే అది నిజమే కావచ్చు. గాలి ఉన్నా అలాగే ఉంటే గడియారం చూడండి. సెన్సర్ యూటీసీలో పంపుతుంటే, స్కాడా మన సమయంలో ఉంటే ఐదున్నర గంటల తేడా. మధ్యాహ్నం 12 గంటల ఎండ పొద్దున 6:30కు కనిపిస్తుంది.

గాలి గంటల తరబడి సరిగ్గా సున్నా. నిజంగా గాలి లేకపోయినా అల్ట్రాసోనిక్ సెన్సర్ 0.1, 0.2 అంటూ కదులుతూనే ఉంటుంది. కదలని సున్నా అంటే కేబుల్ తెగింది, లేదా సెన్సర్ల మధ్య కందిరీగలు గూడు కట్టాయి. ఎక్కువసార్లు రెండోదే.

రేటింగ్ ఒక్కసారిగా రెట్టింపై మళ్లీ పడుతోంది. ఈదురు గాలి. పది నిమిషాల సగటు చాలకపోతే, ఒక్కో లెక్కకు రేటింగ్ పెరుగుదలను 5 శాతానికి కట్టేయండి. తగ్గుదలకు మాత్రం ఏ కళ్లెమూ వేయకండి.

థర్మోవిజన్‌లో తీగ వాతావరణం కన్నా చల్లగా కనిపిస్తోంది. మెరిసే అల్యూమినియం మీద ఆకాశం ప్రతిబింబం. కెమెరా వికిరణ గుణకం 0.95లో వదిలేసి ఉంటారు. తీగ నిజమైన ఉష్ణోగ్రతకు ఈ కెమెరాను నమ్మకండి, మూడు ఫేజుల మధ్య తేడాకు మాత్రమే వాడండి.

వర్షం పడగానే రేటింగ్ పెరగలేదు. లెక్కలో వాన లేదు, అందుకే. తడిసిన తీగ నిజంగా చల్లబడుతుంది, అయినా ఆ లాభాన్ని వదిలేయండి. వాన స్పాన్ అంతటా పడిందో లేదో మీకు తెలియదు.

క్రిటికల్ స్పాన్ మారిపోయింది. తోట నరికారు, ఇంకోచోట మెరక పోశారు, కొత్త రోడ్డు లేచింది. ఏటా ఫిబ్రవరిలో, వేసవి లోడు రాకముందే, నాలుగో మెట్టు మళ్లీ నడవాలి. పెట్రోలింగ్ లైన్‌మన్‌కు జాబితా కాగితం మీద ఇవ్వండి: స్పాన్ నంబరు, కిందటేటి క్లియరెన్స్, ఏ లోడుకు కొలిచారు, పక్కన ఖాళీ గడి.